శనివారం తుఫాను హెచ్చరిక: మినియాపొలిస్ నుంచి ఫార్గోకి అత్తగారిని ఎలా తీసుకురావాలి?

ఫార్గో అల్లుడు | గురువారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నార్త్ డకోటాలోని ఫార్గోలో మాకిది రెండో చలికాలం. మా ఆవిడకి 37వ వారం నడుస్తోంది. పురిటికి సాయంగా అత్తగారు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. దోహా, షికాగో మీదుగా శనివారం మధ్యాహ్నం 3:40కి మినియాపొలిస్‌లో దిగుతారు. నేను పొద్దున్నే కారులో వెళ్ళి, ఆవిడని ఎక్కించుకుని రాత్రి తొమ్మిదికల్లా ఇల్లు చేరాలన్నది ప్లాన్. ఐ-94 హైవే మీద 235 మైళ్ళు, మామూలు రోజుల్లో మూడున్నర గంటల దారి.

ఇవాళ సాయంత్రం నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళు శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం రాత్రి దాకా వింటర్ స్టార్మ్ వాచ్ పెట్టారు. 5 నుంచి 8 అంగుళాల మంచు, గంటకి 50 మైళ్ళ దాకా గాలి విసుర్లు అంటున్నారు. ఎనిమిది అంగుళాలు ఇక్కడ ఒక లెక్కా అని ఆఫీసులో నవ్వుతున్నారు. నాది ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి అందే) కారు. వెళ్ళొచ్చా? అత్తగారికి ఇంగ్లిష్ అంతంతమాత్రం, విమానం ఎక్కడం ఇదే మొదలు. అందుకే టెన్షన్.

మోర్‌హెడ్ మాస్టారు | గురువారం రాత్రి 9:34

బాబూ, అంగుళాలు పక్కన పెట్టి గాలి సంగతి చూడండి. ఎనిమిది అంగుళాలు నిదానంగా నిలువుగా పడితే ఇక్కడ స్కూళ్ళు కూడా మూయరు. అదే మూడు అంగుళాల పొడిమంచుకి 45 మైళ్ళ గాలి తోడైతే ఐ-94 మూసేస్తారు.

దారిలో ఫెర్గస్ ఫాల్స్ ఊరి దాకా కాస్త చెట్లు, గుట్టలు, చెరువులు ఉంటాయి. అది దాటి పడమటికి వచ్చాక రెడ్ రివర్ లోయ. వేల ఏళ్ళ కిందట అగాసీ అనే మహా సరస్సు ఉండి ఎండిపోయిన నేల అది. బల్లపరుపు మైదానం, గాలికి అడ్డం ఏదీ లేదు. పొలాల మీది మంచంతా లేచి రోడ్డు మీదకి వస్తుంది. ముందు సన్నటి తెల్లని పాయలు తారు మీద అడ్డంగా పాకుతుంటాయి, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అవి చక్రాల ఎత్తుకి లేచాయంటే లైన్లు కనబడవు. బానెట్ ఎత్తుకి లేస్తే ముందు బండి టెయిల్ లైట్లు ఉన్నట్టుండి మాయమవుతాయి. మీరు రాత్రి ఏడున్నరకి, చీకట్లో, సరిగ్గా ఆ చోటుకి వస్తారు.

ఇంకో మాట. తుఫాను పడమటి నుంచి తూర్పుకి కదులుతుంది. శనివారం పొద్దున మీరు వెళ్ళేటప్పుడు రోడ్డు పొడిగా, ఎండ కాస్తూ ఉండొచ్చు. మినియాపొలిస్‌లో సాయంత్రం నాలుగుకి కూడా ఏమీ ఉండకపోవచ్చు. ‘ఇంతేనా’ అనుకుని బయల్దేరతారు. తిరుగు ప్రయాణమంతా దానికి ఎదురు వెళ్ళడమే.

బేబీ గ్రిజ్లీ | గురువారం రాత్రి 9:51

మరీ భయపెట్టకండి మాస్టారూ. నేను ఇలాంటి వార్నింగుల్లో చాలాసార్లు నడిపాను, ఏమీ కాలేదు. ఈ ఛానెళ్ళకి ప్రతి మంచూ మహాప్రళయమే. ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా, 45లో మెల్లగా వచ్చేయ్ బ్రో.

డిస్పాచ్ దాసు | గురువారం రాత్రి 10:20

గ్రిజ్లీ తమ్ముడూ, నేను ట్రక్కుల కంపెనీలో డిస్పాచ్‌లో ఉంటాను. రాత్రంతా డ్రైవర్ల ఫోన్లు ఎత్తేది నేనే. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. ఆగడం టైర్ల పని. అది ఆల్ సీజన్ టైరా, వింటర్ టైరా అన్నది ఎవరూ చూసుకోరు. టైరు పక్కన మూడు కొండ శిఖరాలు, మధ్యలో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడు. అది లేని రబ్బరు బాగా చలిలో గట్టిపడి పట్టు వదిలేస్తుంది.

మెల్లగా వస్తే చాలనడం కూడా సగమే నిజం. ముందు ఏమీ కనబడనప్పుడు నువ్వు 25లో ఉంటే వెనకవాడు 60లో ఉంటాడు. నీ లైట్లు వాడికి కనబడేసరికి ఆలస్యం అయిపోతుంది. 2022 మార్చిలో పెన్సిల్వేనియా ఐ-81 మీద జరిగింది ఇదే. కాసేపు కురిసిన మంచు జల్లుకి 80 బండ్లు గుద్దుకున్నాయి, ఆరుగురు పోయారు. వాళ్ళలో అందరూ చేతకాని డ్రైవర్లేం కాదు.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకి పోయాక మామూలు ఉప్పు సరిగ్గా పనిచేయదు. ఆదివారం సున్నా దగ్గరికి పడుతుందంటున్నారు. నల్లగా తడిసినట్టు కనిపించే రోడ్డు నిజానికి అద్దంలాంటి గడ్డ అయి ఉంటుంది. వంతెనలు అన్నిటికంటే ముందు గడ్డకడతాయి, కింద కూడా గాలే కాబట్టి. వేగాన్ని దానంతటదే నిలిపే క్రూజ్ కంట్రోల్ అసలు పెట్టకూడదు.

నర్సక్క | గురువారం రాత్రి 10:48

అందరూ రోడ్డు గురించే మాట్లాడుతున్నారు. నేను ఇంకోటి అడుగుతా. శనివారం నువ్వు దారిలో అలెగ్జాండ్రియా ఊళ్ళో ఏ హోటల్లోనో ఇరుక్కుపోతే మీ ఆవిడ దగ్గర ఎవరుంటారు తమ్ముడూ? 37వ వారం అంటే ఎప్పుడైనా నొప్పులు రావచ్చు. మినియాపొలిస్‌లో అత్తగారు ఎయిర్‌పోర్టులో కూర్చుంటే కాళ్ళు నొప్పి, విసుగు, అంతే. ఫార్గోలో తుఫాను రాత్రి మీ ఆవిడ ఒక్కతే ఉండటం అంతకంటే చాలా పెద్ద సమస్య.

రేపే డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసి, తుఫానులో నొప్పులు వస్తే ఎప్పుడు బయల్దేరమంటారో అడుగు. మామూలుగా చెప్పేదానికంటే ముందే రమ్మనవచ్చు. అంబులెన్స్ కావాల్సి వస్తే 911కి చేసి ఇల్లు, వీధి స్పష్టంగా చెప్పండి. అవసరమైతే ముందు స్నో ప్లౌ (మంచు తోసే బండి) నడిపించి తీసుకెళ్ళిన సందర్భాలు ఉన్నాయి. వాకిట్లో దారి మాత్రం నువ్వు తవ్వి ఉంచాలి. ఆ పనికైనా నువ్వు ఇంట్లో ఉండాలి కదా.

ఫార్గో అల్లుడు | గురువారం రాత్రి 11:15

అక్కా, ఇది చదివి మా ఆవిడకి చూపించాను. ‘నేను చెబితే వినలేదు’ అంది. సరే, నేను శనివారం వెళ్ళను. మరి అత్తగారు? నాకు తోచినవి ఇవి: టికెట్ తేదీ మార్చడం, మినియాపొలిస్ నుంచి ఫార్గోకి ఇంకో విమానం, లేదా రైలు. రైలు ఉందని విన్నాను.

షికాగో సుబ్బు | శుక్రవారం ఉదయం 7:05

రైలు ఉంది, ఎంపైర్ బిల్డర్. మినియాపొలిస్ పక్కనే ఉన్న సెయింట్ పాల్‌లో, యూనియన్ డిపో స్టేషన్లో రాత్రి ఎక్కితే ఫార్గోలో తెల్లవారకముందు, ఆ చీకట్లో దింపుతుంది. అదీ టైముకి వస్తే. మొదటిసారి అమెరికా వచ్చిన పెద్దావిడని రెండు పెద్ద పెట్టెలతో అర్ధరాత్రి రైలెక్కించకండి.

విమానం గురించి: తుఫాను వస్తోందంటే ఎయిర్‌లైన్లు ట్రావెల్ వేవర్ ప్రకటిస్తాయి. ఆ జాబితాలో మినియాపొలిస్ ఉంటే తేదీ ఉచితంగా మార్చుకోవచ్చు. వెబ్‌సైట్లో ఇప్పుడే చూడండి, అందరూ ఎగబడ్డాక సీట్లు ఉండవు. ఆవిడ ఇంకా హైదరాబాద్‌లో ఉన్నారా, బయల్దేరారా? ఉంటే రెండు రోజులు వెనక్కి జరపడం అన్నిటికంటే మేలు.

ఒకవేళ విమానమే రద్దయి, మీరు ప్రయాణం వద్దనుకుంటే డబ్బు వాపసు ఇవ్వాలని ఇక్కడి రూలు. కారణం వాతావరణమైనా సరే. కానీ హోటలు, భోజనం మాత్రం వాతావరణం వల్ల ఆగినప్పుడు సాధారణంగా ఇవ్వరు. మా బంధువులకి కౌంటర్ దగ్గర గంటసేపు క్యూలో నిలబడ్డాక ఆ ముక్క చెప్పారు.

ఇంకో చిన్న విషయం. వీల్‌చెయిర్ అడిగి ఉంచండి. నడవలేక కాదు. దారి చూపించే మనిషి ఒకరు పక్కన ఉంటారు, షికాగోలో ఇమిగ్రేషన్ నుంచి తర్వాతి గేటు దాకా వదలరు. ఆవిడ చేతిలో మీ ఫోన్ నంబరు, అడ్రసు కాగితం మీద రాసి పెట్టండి. ఫోను చార్జింగ్ ఎప్పుడు అయిపోతుందో ఎవరికి తెలుసు.

ఫార్గో అల్లుడు | శుక్రవారం ఉదయం 7:40

ఆవిడ శంషాబాద్‌లో విమానం ఎక్కేశారు. వీల్‌చెయిర్ ఉంది. ఇంజనీరింగ్‌లో నా క్లాస్‌మేట్ మినియాపొలిస్ పక్కనే మేపుల్ గ్రోవ్‌లో ఉంటాడు. ఇంతకుముందే ఫోన్ చేశాను. ఎయిర్‌పోర్టుకి వెళ్ళి ఇంటికి తీసుకెళ్తానన్నాడు. వాళ్ళమ్మగారు కూడా అక్కడే ఉన్నారట. ‘ఎన్ని రోజులైనా ఉంచుకుంటాం, నువ్వు మాత్రం కదలకు’ అంది వాళ్ళావిడ.

నర్సక్క | శుక్రవారం ఉదయం 7:52

ఇంకేం, అత్తగారికి తోడు దొరికింది. ఆమెకి మంచి కోటు, బూట్లు ఎయిర్‌పోర్టుకే తెమ్మను. మన పెద్దవాళ్ళు స్వెటర్ మీద శాలువా, వేళ్ళు విడిగా ఉన్న సాక్సుల మీద చెప్పులు వేసుకుని దిగుతారు. టెర్మినల్ నుంచి పార్కింగ్ దాకా అది చాలదు. సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 30 మైళ్ళ గాలి వీస్తే ఒంటికి తగిలే చలి మైనస్ 26. అరగంటలోపే చెవులు, వేళ్ళు మొద్దుబారి చర్మం దెబ్బతింటుంది.

సెయింట్ క్లౌడ్ స్టూడెంట్ | శుక్రవారం మధ్యాహ్నం 1:18

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా, సారీ. మేం నలుగురం రేపు మధ్యాహ్నం ఫార్గోకి ఫ్రెండ్ పెళ్ళిరోజు పార్టీకి వెళ్తున్నాం. పాత సెడాన్. మా వెదర్ యాప్‌లో సెయింట్ క్లౌడ్‌కి ‘స్నో షవర్స్’ అని మాత్రమే ఉంది. ఇక్కడ మీరంతా పెద్ద తుఫాను అంటున్నారు. ఏది నమ్మాలి?

మోర్‌హెడ్ మాస్టారు | శుక్రవారం మధ్యాహ్నం 1:45

రెండూ నమ్మొచ్చు. యాప్ నువ్వున్న ఊరి సంగతి చెబుతుంది, నువ్వు పోయే ఊరి సంగతి కాదు. వెదర్ సర్వీస్‌లో కూడా ఈ దారి ఇద్దరి చేతుల్లో ఉంది. మినియాపొలిస్ నుంచి అలెగ్జాండ్రియా దాకా ట్విన్ సిటీస్ ఆఫీసు చూస్తుంది. ఫెర్గస్ ఫాల్స్, మోర్‌హెడ్, ఫార్గో గ్రాండ్ ఫోర్క్స్ ఆఫీసు కిందకి వస్తాయి. ఈ రోడ్డు మీద పోయేవాళ్ళు రెండు పేజీలూ చూడాలి. పై మ్యాపు రంగులు చూసి వదిలేయకుండా, కిందకి వెళ్తే ‘ఫోర్‌కాస్ట్ డిస్కషన్’ అని ఉంటుంది, అది చదువు. తమకి దేని మీద నమ్మకం ఉందో, దేని మీద లేదో ఫోర్‌కాస్టర్లు అందులో దాచుకోకుండా రాస్తారు. మంచు ఎంత పడుతుందో మాకు ఇంకా అనుమానమే, గాలి మాత్రం ఖాయం అన్న ధోరణిలో ఉంది ఇవాళ్టిది.

గ్రాండ్ ఫోర్క్స్ వాళ్ళు అరగంట కిందటే వాచ్ తీసేసి బ్లిజార్డ్ వార్నింగ్ పెట్టారు. వాచ్ అంటే రావచ్చు, సిద్ధంగా ఉండండి అని. వార్నింగ్ అంటే దాదాపు ఖాయం, ప్లాన్ మార్చుకోండి అని. బ్లిజార్డ్ అనడానికి మంచు ఇన్ని అంగుళాలు పడాలన్న లెక్కే లేదు. 35 మైళ్ళు లేదా అంతకు మించిన గాలి, పావు మైలు కూడా కనబడని స్థితి, కనీసం మూడు గంటలు. అంతే. కొత్తగా ఒక్క రేకు పడకపోయినా, నేల మీదున్న మంచు లేచినా అది బ్లిజార్డే.

బేబీ గ్రిజ్లీ | శుక్రవారం మధ్యాహ్నం 2:02

నలుగురున్నారు, యువకులు, ఇరుక్కుంటే తోసుకుంటారు. ఊరికే పిల్లల్ని బెదరగొడుతున్నారు.

డిస్పాచ్ దాసు | శుక్రవారం మధ్యాహ్నం 2:30

ఎటు చూసినా తెల్లగా ఏమీ కనబడని వైట్‌అవుట్‌లో బండి దిగి తోస్తారా? ఇరుక్కున్నప్పుడు చాలామంది ప్రాణాల మీదకి తెచ్చుకునేది అక్కడే. పది అడుగులు నడిచాక కారు ఎటుందో తెలియదు.

స్టూడెంట్ తమ్ముడూ, పార్టీకి ఫోనులో విషెస్ చెప్పు. రోడ్డు మూసి గేట్లు పడ్డాక తప్పించుకుని పోదాం అనుకునేవాళ్ళూ ఉంటారు. మినెసోటాలో మూసిన రోడ్డు మీదకి వెళ్తే వెయ్యి డాలర్ల దాకా ఫైను, 90 రోజుల దాకా జైలు ఉంది. బయటికి లాగడానికి అయ్యే ఖర్చు వేరే. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడికి కోర్టు కేసు అవసరమా?

ఎవరైనా తప్పనిసరై బయటున్నప్పుడు ఇరుక్కుంటే, మా డ్రైవర్లకి చెప్పేది చెబుతా. కారు వదలొద్దు. ముందుగా వెనక్కి వెళ్ళి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, గంట గంటకీ మళ్ళీ తీయండి. అది మూసుకుపోయి ఇంజను ఆన్‌లో ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది. ఇంజను గంటకి పది నిమిషాలు మాత్రం నడపండి, అప్పుడు గాలి కొట్టని వైపు కిటికీ వేలెడు దించండి. యాంటెన్నాకో తలుపుకో ఎర్రగుడ్డ కట్టండి. ఫోనులో రోడ్డు పక్కనుండే మైలు మార్కర్ నంబరు చెప్పగలిగితే సగం పని అయినట్టే. దాటిన ప్రతి మార్కర్ చూసుకుంటూ వెళ్ళే అలవాటు చేసుకోండి. డిక్కీలో పార, దుప్పట్లు, నీళ్ళు, టైర్ల కింద చల్లడానికి పిల్లి ఇసుక (క్యాట్ లిటర్) ఒక సంచి. ట్యాంకు ఎప్పుడూ సగానికి పైనే. అద్దాలు కడిగే నీళ్ళు మైనస్ 20 రకం పోయించండి, వేసవిది గడ్డకట్టి పంపు పగులుతుంది.

సెయింట్ క్లౌడ్ స్టూడెంట్ | శుక్రవారం మధ్యాహ్నం 2:41

అర్థమైంది అన్నా. వెళ్ళట్లేదు. మా వాళ్ళలో ఒకడు అలిగాడు, పర్లేదు.

బఫెలో బాబాయి | శుక్రవారం సాయంత్రం 6:15

మంచి పని చేశావు బాబూ. 2022 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని మా బఫెలోలో క్రిస్మస్ ముందు వచ్చిన బ్లిజార్డ్ గుర్తున్నవాళ్ళు ఎవరూ ఈ విషయంలో వాదించరు. 40 మందికి పైగా పోయారు. కొందరు కార్లలో, కొందరు నడిచి వెళ్తూ, ఇంకొందరు కరెంటు పోయిన ఇళ్ళల్లో. రోజుల ముందు నుంచీ హెచ్చరికలు స్పష్టంగానే ఉన్నాయి. కానీ డ్రైవింగ్ నిషేధం తుఫాను మొదలయ్యే గంటల్లో, శుక్రవారం పొద్దున వచ్చింది. అప్పటికే జనం పనుల్లోకి బయల్దేరి ఉన్నారు. అంబులెన్సులు, ఫైరింజన్లు కూడా ఇరుక్కుపోయాయి. ప్రభుత్వం ఆపేదాకా ఆగుదాం అనుకోవద్దని నేను అందుకే అంటాను.

ఎంత పెద్దవాళ్ళైనా అంతే. 2022 జనవరిలో వర్జీనియా ఐ-95 మీద మంచులో ట్రాఫిక్ స్తంభించినప్పుడు సెనేటర్ టిమ్ కేన్ 27 గంటలు కారులోనే ఉండిపోయారు. ఆయన బయల్దేరిన రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్‌కి మామూలుగా రెండు గంటల దారి.

ఫార్గో అల్లుడు | శనివారం రాత్రి 8:30

అప్‌డేట్. విమానం గంట లేటుగా దిగింది. అత్తగారు మేపుల్ గ్రోవ్ చేరారు, అన్నం తిని పడుకున్నారు. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి ఎండ ఉంది. మూడుకల్లా ఎదురింటి గ్యారేజి కనబడటం మానేసింది. నార్త్ డకోటా రోడ్ల యాప్‌లో ముందు ‘ప్రయాణం వద్దు’ అని పెట్టి, ఆరున్నరకి ఐ-94 మూసేశారు. రోడ్ల పరిస్థితి చెప్పే మినెసోటా 511లో స్నో ప్లౌ కెమెరా బొమ్మలు వస్తాయని ఇక్కడే ఎవరో ఒకప్పుడు రాశారు, చూశాను. బార్న్స్‌విల్ దగ్గర బొమ్మ ఉత్త బూడిదరంగు కాగితం. ప్లౌలని కూడా వెనక్కి పిలిచారు. మా ఆవిడ బానే ఉంది. రెండు గంటలకోసారి వాకిలి తవ్వుతున్నాను, పది నిమిషాల్లో మళ్ళీ పూడిపోతోంది.

నర్సక్క | శనివారం రాత్రి 8:44

తవ్వేటప్పుడు నడుం జాగ్రత్త. ఫర్నేస్ గాలి గొట్టం ఇంటి పక్క గోడకి ఉంటుంది, దాని చుట్టూ కూడా తీసెయ్. అది మూసుకుపోతే హీటరు ఆగిపోతుంది.

ఫార్గో అల్లుడు | ఆదివారం ఉదయం 11:20

చూశాను అక్కా, సగం పూడిపోయి ఉంది, తీసేశాను. ఇప్పుడు ఆకాశం నీలంగా ఉంది, మంచు పడటం ఆగింది. రోడ్డు మాత్రం ఇంకా మూసే ఉంది. మా ఫ్రెండ్ ‘ఇక్కడ ఎండ కాస్తోంది, ఆంటీని నేనే తెచ్చేస్తా’ అంటున్నాడు.

మోర్‌హెడ్ మాస్టారు | ఆదివారం ఉదయం 11:32

వద్దనండి. తలెత్తితే నీలాకాశం, కిందకి చూస్తే మీ బానెట్ కనబడదు. గాలి ఆగేదాకా ఇంతే. గేట్లు ఎత్తిన వెంటనే కూడా బయల్దేరనివ్వకండి. మొదటి కొన్ని గంటలు రెండు రోజులుగా ఆగిన ట్రక్కులన్నీ ఒక్కసారి రోడ్డెక్కుతాయి. పక్కల్లో ఇరుక్కున్న బండ్లని లాగే టో ట్రక్కులు ఒక లేన్ ఆక్రమిస్తాయి. చలికి ఉప్పు పట్టక గడ్డ అలాగే ఉంటుంది. ఒక రాత్రి పోనిచ్చి, పగటి పూట చూసుకోండి.

బేబీ గ్రిజ్లీ | ఆదివారం మధ్యాహ్నం 12:10

మాస్టారితో నాకు చాలా విషయాల్లో పడదు గానీ గేట్ల సంగతి మాత్రం నిజం. ఎత్తిన గంటలో బయల్దేరితే ట్రక్కుల వెనక గంటకి 20 మైళ్ళు కూడా పోవు.

షికాగో సుబ్బు | ఆదివారం మధ్యాహ్నం 12:25

సోమవారం సాయంత్రం మినియాపొలిస్-ఫార్గో విమానం కూడా చూడండి. గంటలోపు ప్రయాణం. కాకపోతే విడి టికెట్ కాబట్టి రెండు పెట్టెలకీ వేరే డబ్బు కట్టాలి, బరువు పరిమితి కూడా తక్కువ ఉండొచ్చు. రద్దయిన వాటి ప్రయాణికులంతా వాటిలోనే కుక్కుతారు, సీటు దొరికినా ఖాయం అనుకోకండి.

ఫార్గో అల్లుడు | సోమవారం రాత్రి 9:05

రోడ్డు ఇవాళ ఉదయం తెరిచారు. విమానం టికెట్ ధర చూసి, పెట్టెల్లో పచ్చళ్ళ బరువు తలుచుకుని ఆ ఆలోచన మానేశాం. మా ఫ్రెండ్, వాళ్ళావిడ రేపు సెలవు పెట్టి ఉదయం తొమ్మిదికి బయల్దేరుతున్నారు. వాళ్ళ కారుకి వింటర్ టైర్లు ఉన్నాయి. నేను మా ఆవిడ దగ్గరే ఉంటాను. 511లో అలెగ్జాండ్రియా దాకా మామూలే, అక్కడి నుంచి ఫెర్గస్ ఫాల్స్ దాటే వరకు అక్కడక్కడా గడ్డ అని చూపిస్తోంది. గాలి పది మైళ్ళు.

డిస్పాచ్ దాసు | సోమవారం రాత్రి 9:22

మా బండ్లు మధ్యాహ్నం నుంచి ఆ దారినే వస్తున్నాయి. ఫెర్గస్ ఫాల్స్‌కి పడమర కుడి లేన్ బావుంది, ఎడమ లేన్‌లో ఇంకా గడ్డకట్టిన గాడులు ఉన్నాయి. ఓవర్‌టేక్ చేయొద్దని చెప్పండి. అలెగ్జాండ్రియాలో ఆగి పెట్రోలు నింపుకోమనండి, టీ కూడా అక్కడే.

ఫార్గో అల్లుడు | మంగళవారం మధ్యాహ్నం 2:15

వచ్చేశారు. నర్సక్కా, ఒక డౌటు: 38వ వారంలో గోంగూర పచ్చడి తినొచ్చా? అత్తగారు పెట్టె విప్పారు, మా ఆవిడ ఆగట్లేదు.

నర్సక్క | మంగళవారం మధ్యాహ్నం 2:31

గుండెమంట లేకపోతే కొంచెం తినమను. ఉప్పు ఎక్కువ, బీపీ ఉంటే వద్దు. హాస్పిటల్ బ్యాగు సర్దారా లేదా?